కుదపని మందుసీసా

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే ఊడి ఒళ్లో పడాలి.

మా వీధి చివర గాజుసామాన్ల కొట్టు ఉంది. అది నడిపే అత్తగారంత నెమ్మదైన మనిషి భూమ్మీద లేదు. తుమ్మొస్తే పక్క వీధికెళ్లి తుమ్మి వచ్చేది. ఆవిడ చేతిలో ఏ వస్తువూ కదిలిన పాపాన పోలేదు. కోడలు వెనకగదిలో కూర్చుని గ్లాసుల అంచులకి బంగారుగీత వేసేది. ఆ గీత పక్కన వెంట్రుక పెడితే మోకులా కనిపించేది.

కోడలికి చిన్నప్పటినుంచీ మూర్ఛ. ఆమె నీడేమో ఒకరోజు ముందుండేది. రేపు ఆమె చేయబోయేది నీడ ఇవాళే చేసేసేది. కొందరికి ఎడమచేతివాటం ఉండదూ, అలాగే. నీడ గోడమీద పడి కొట్టుకుందంటే, అత్తగారు మర్నాటికి బొంత పరిచి ఉంచేది.

ఎన్ని మందులు వాడినా ఒక్క నీళ్లమందే ఆమెకి పడింది. పొద్దున్నే అత్తగారు స్వయంగా మూతలో కొలిచి పోసేది. రక్తంలో ఆ మందు తగ్గితే మూర్ఛ, హెచ్చితే అదే విషం. అందుకే అప్పుడప్పుడూ రక్తం తీసి చూసేవారు. కొత్త సీసా మొదలెట్టినప్పుడు చూస్తే మందు జాడే లేదు. సీసా అడుగంటే వేళకి చూస్తే పొంగిపొర్లుతోంది. అప్పటికి ఆమె కళ్లు నిలవడం లేదు, బంగారుగీత పాములా మెలికలు తిరుగుతోంది. నీడయితే తప్పతాగినట్టు గోడలన్నీ గుద్దుకుంటోంది.

"మానేసి మానేసి, గుర్తొచ్చినప్పుడు గటగటా తాగేస్తున్నావా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఈ చేత్తో పోస్తున్నాను బాబూ. పిల్లనేమీ అనకండి," అంది అత్తగారు.

రెండ్రోజులు మందు ఆపమన్నాడు. ఆ తర్వాత రమ్మన్నాడు, మందే మార్చేస్తానన్నాడు. కుంచె ముట్టుకోవద్దన్నాడు. అంతకుముందు వాడిన మందులతో కోడలు రోజుకోసారి మూర్ఛొచ్చి పడేది. ఇది మార్చేస్తే మళ్లీ అదే గతని ఇద్దరికీ బెంగ.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజుకి ముందురోజు, గోడమీద నీడ ఒక సీసా నీడని పట్టుకుని, దుమ్ముపట్టిన దుప్పటిలా దులిపేసింది.

"సీసాని అలా కుదుపుతారుటే అమ్మాయ్? పగలదూ?" అంది అత్తగారు.

కోడలు అలమారలోని మందుసీసా తీసి కిటికీ వెలుగుకి పెట్టింది. పైన తేట. అడుగున సున్నంలాంటి మడ్డి, మందంతా అక్కడే.

"అత్తయ్యా, దీన్నెప్పుడైనా కుదిపారా?"

"నా జన్మలో దేన్ని కుదిపాను గనక!"

మర్నాడు డాక్టరు ఆ సీసాని తిప్పి దానిమీది చీటీ చదివాడు. "కుదిపి తాగమని దీనిమీద రాసే ఉందిగా."

"గాజుని కుదపమంటే గాజుకొట్టువాళ్లం నమ్ముతామా బాబూ?"

మందు మార్చలేదు. పాతసీసా పారబోయించి కొత్తది ఇప్పించాడు. కోడలు అక్కడే దాన్ని చెయ్యి నొప్పెట్టేదాకా కుదిపింది. అత్తగారు కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఎప్పుడు రక్తం చూసినా మందు ఉండాల్సిన చోటే ఉంది. ఇప్పుడామె గీసే గీత చూసి వీధే సిగ్గుపడి వంకర సరిచేసుకుంది.

నోరెళ్లబెట్టింది చాల్లే మనవడా, లే. ఇదుగో, ఆ కోడలికోసం మందులకొట్టునుంచి తెచ్చిన కొత్త సీసా, ఇచ్చి రా. వెళ్లేటప్పుడు ఎంత గెంతినా ఫరవాలేదు, మందుకే మంచిది. వచ్చేటప్పుడు మాత్రం నేను గీత వేయమని ఇచ్చిన గ్లాసులు తేవాలి, అత్తగారిలా నడు. తలుపు తడితే ఎవరని అడగరులే. ఆమె నీడ నిన్ననే చెయ్యిచాచి నీ దగ్గర సీసా తీసుకుందట.