వెళ్ళొస్తానమ్మా

నేను ఒక అట్టముక్కను. అరచేయంత ఉంటాను. నాకు చెయ్యి లేదు. నా కథ రాసిపెడుతున్న చెయ్యి యాభై ఎనిమిదో ఏట పలక పట్టింది. ఒత్తులు తప్పినా, కథ నెమ్మదిగా నడిచినా మన్నించండి. ఒక్కో వాక్యానికి ఆ చెయ్యి ఆగి, వేళ్ళు విదిలించుకుని మళ్ళీ మొదలుపెడుతోంది.

నేను పుట్టింది మందుల పెట్టె అట్టలోంచి. వానలో తడపవద్దని చెప్పే గొడుగు బొమ్మ ఇప్పటికీ నా వీపుమీద ఉంది. కందుకూరులో బైబిలును కొత్త తెలుగులోకి మారుస్తున్న ఫిలేమోను అయ్యగారు ఆ పెట్టెను కత్తిరించి, ముక్కకొక ఇంగ్లీషు మాట రాశారు. నా నెత్తిన 'విజిట్' అని పడింది. చిన్న మాటే కదా అనుకున్నాను. రాసేకొద్దీ కిందికి పెరిగింది. దేవుడు తన జనాన్ని విజిట్ చేస్తే ఒకచోట దర్శించడం, ఇంకొకచోట శిక్షించడం. చెరసాలలో ఉన్నవాణ్ణి మనిషి విజిట్ చేస్తే చూడబోవడం. విధవరాళ్ళను, దిక్కులేని పిల్లలను అయితే పరామర్శించడం. అయ్యగారు నాలుగూ చక్కగా రాసి, చుట్టూ గీత గీసి, మిగతా ముక్కలతోపాటు నన్ను ఇంకో పెట్టెలో నిలబెట్టారు.

అచ్చుకు పంపేముందు ఆ తర్జుమా చేసేవాళ్ళకొక పద్ధతి ఉండేది. రాసినదాన్ని చదువురానివాళ్ళకు వినిపించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకునేవారు. ఆ రోజు చర్చి వెనక గదిలో చాపమీద ఆరుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. చివర కూర్చున్నది కెజియమ్మ. పొగాకు ఆకు ఏరే పని. పిల్లలు లేరు. మొగుడు ప్రకాశం పోయి ఏడు నెలలు.

నిజమైన భక్తి అంటే విధవరాళ్ళను వాళ్ళ కష్టంలో పరామర్శించడం అని చదివి, అయ్యగారు తలెత్తారు. "ఏం అర్థమైందమ్మా?"

కెజియమ్మ నవ్వింది.

"అయితే ఆ భక్తి మా ఊళ్ళో అందరికీ ఉందయ్యగారూ. నా మొగుడు పోయినప్పుడు పరామర్శకు ఎంతమంది వచ్చినారనుకున్నారు! కూచోను చాపలు చాల్లా. వచ్చినారు, తలకాయలు ఊపినారు, లేచి పోయినారు. చావింట్లో వెళ్ళొస్తామని అనగూడదు గదా, ఎవరూ అన్లా. మళ్ళా రానూ లేదు. అనని మాట కూడా నిలబెట్టుకున్నారు, మంచోళ్ళు."

పక్కనున్న సుందరమ్మ మోచేత్తో పొడిచింది. "ఏందే, అయ్యగారినే దెప్పతన్నావా? ఆయనా వచ్చి పోయినాయనే గదా!"

"ఆయన్నొక్కణ్ణే ఎందుకంటా? నువ్వు రాలా? నువ్వూ అట్టే పోతివి."

అయ్యగారి పెన్సిలు ఆగిపోయింది. ఆయన ఇల్లు ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. "మరేమనాలమ్మా?" అన్నారు.

"మీరు చదువుకున్నోళ్ళు, నాకేం తెలుసు? పొద్దున వచ్చి పొయ్యి రాజేసుకున్నావా అని అడిగి, మర్నాడు మళ్ళా అదే అడగను వచ్చేదాన్ని ఏమంటారో, అది రాయండి."

'మాటిమాటికీ వెళ్ళి కనుక్కొనుట' అని నామీద రాశారాయన. పెద్దల సభలో ఆ మాట కోసం రెండు రోజులు వాదించారు. పొడుగైందన్నారు, చర్చిలో చదవడానికి గంభీరంగా లేదన్నారు. ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు. మనుషులు ఒక మాట కోసం రెండు రోజులు పోట్లాడగలరు. అది చెప్పే పని కోసం రెండు వీధులు నడవడమే కష్టం.

అయ్యగారు నడిచారు. అదొక శుక్రవారం. నన్ను జేబులోంచి తీసి చూపించి, "కొట్టేశారమ్మా," అన్నారు, తప్పు చేసినవాడిలా.

"పోనీండి. మంచినీళ్ళు తాగతారా?"

తాగి లేచి, గడప దగ్గర ఆగి, "వెళ్ళొస్తానమ్మా," అన్నారు.

ఆమె నమ్మలేదు. పై శుక్రవారం గ్లాసు కడిగి పెట్టనూ లేదు. ఆయన వచ్చారు. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఏమీ లేకపోయింది. ఊరికే కూర్చోలేక అయ్యగారు నన్ను తీసి, "ఇది 'మా'," అన్నారు. అలా ఎర్రగీత కింద దాగిన తన మాటనే కెజియమ్మ అక్షరమక్షరంగా కూడబలుక్కుంది. మొత్తం తడబడకుండా చదివిన రోజున ఆయన నన్ను ఆమెకిచ్చేశారు. నాలుగేళ్ళపాటు ఏ శుక్రవారమూ తప్పలేదు.

ఆ తర్వాత ఒక మంగళవారం అయ్యగారు పోయారు.

పరామర్శకు ఊరంతా వెళ్ళింది. భార్య లీలావతి అమ్మగారు గోడకు ఆనుకుని, తల వంచుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మాట లేకుండా లేచి వెళ్ళిపోతున్నారు. నేను కెజియమ్మ చేతిలో, బైబిలు మధ్యన ఉన్నాను. ఆమె లేచింది. గడప దాకా వెళ్ళి వెనక్కు తిరిగింది.

"వెళ్ళొస్తానమ్మగారూ."

ఇల్లంతా ఉలిక్కిపడింది. సుందరమ్మ కొంగు పట్టి లాగింది. "నోరు ముయ్యవే! చావింట్లో అనే మాటేనా అది?"

అంతవరకూ తల ఎత్తని అమ్మగారు ఎత్తారు. "ఎప్పుడు?" అని అడిగారు.

"శుక్రారం."

ఎనిమిదేళ్ళు వెళ్ళింది. పొయ్యి రాజేశారా అని అడిగేది. అమ్మగారింట్లో ఉన్నది గ్యాసు. అయినా అదే అడిగేది.

నిరుడు వానల్లో అమ్మగారూ పోయారు. ఆ ఇంట్లోంచి వచ్చేటప్పుడు కెజియమ్మ అలవాటుగా గడప దగ్గర ఆగింది. లోపల చూసింది. ఎవరితో చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు నేను అచ్చయిన బైబిలులో ఉంటున్నాను. 'పరామర్శించుట' అని ఉన్న పుటలోనే. శుక్రవారం మధ్యాహ్నం ఆమె రెండు గ్లాసులు కడుగుతుంది. ఒకదానితో తాగుతుంది. రెండోది బోర్లించి, తలుపు దగ్గరగా వేసి, గడియ మాత్రం పెట్టదు. నన్ను తీసి చదువుకుంటుంది. చూపు తగ్గింది, వేలితో తడుముతూ చదువుతుంది.

ఇక చెయ్యి నొప్పి పుడుతోందట. ఆపమంటోంది.

దారా కెజియమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. కందుకూరులో చర్చి వెనక వీధి, చేతిపంపు ఎదురిల్లు. శుక్రవారం ఇంట్లోనే ఉంటాను.