పదకొండో పేజీ

మాస్కులు వచ్చిన తర్వాత లోకానికి గొంతు పోయిందని నరహరి గట్టి నమ్మకం. కిరాణా కొట్టువాడు గొణుగుతున్నాడు, ఆటోవాడు గొణుగుతున్నాడు, ఆఖరికి పోలీసు కూడా లాఠీ ఊపుతాడే తప్ప నోరు తెరిచి నాలుగు ముక్కలు గట్టిగా అనడు. "మూతికి గుడ్డ కట్టినంక మందికి తాకత్ లేకుంట వోయింది" అని ఆయన దొరికినవాడికల్లా చెప్పేవాడు. దొరికినవాడు ఏదో జవాబిచ్చేవాడు. ఆ జవాబు కూడా గుడ్డ వెనకే ఉండిపోయేది కనుక నరహరి తలూపి వచ్చేసేవాడు.

తలూపడంలో ఆయనను మించినవాడు ఆయన ఉండే పర్వత్ పాటియా పేట మొత్తంలో లేడు. అవునన్నా, కాదన్నా, చూద్దాంలే అన్నా ఒకటే ఊపు. ఎదుటివాడు తనకు కావలసింది అందులోంచి ఏరుకుని సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఆ ఊపు పుణ్యమా అని పోయిన ఏడాది ఒక పంచాయితీలో ఆయన ఇరుపక్షాల తరఫునా పెద్దమనిషిగా నిలబడ్డాడు.

వరంగల్ దిక్కు నుంచి సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు. పని ఊరి శివారు జోల్వాలో, సాంచల మీద. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. ఒక షెడ్డులో నలభై ఎనిమిది సాంచలు ఒక్కసారిగా ఆడుతుంటే నోటిమాటకు విలువ లేదు. అక్కడ మాట్లాడేవి పెదవులూ, వేళ్లూ. షెడ్డు ఆ చివర నిలబడి తోటి పనివాడు బక్కయ్య ఎవరిని ఏమని తిడుతున్నాడో ఈ చివర నుంచి నరహరి పొల్లు పోకుండా చెప్పగలడు. అదొక విద్య అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అది విద్యే. అయితే ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఆయన ఆ విద్యతోనే నెట్టుకొస్తున్నాడని ఆయనకు తెలియదు. తెలియదంటే, తెలుసుకోదలచలేదు.

ఊర్మిళకు తెలుసు. ఆమె ఏం చెప్పాలన్నా ముందు భర్త భుజం మీద తట్టి, ఎదురుగా వచ్చి చెబుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత ఒకప్పుడు ఆమె నోట రోజుకు నాలుగుసార్లు దొర్లేది. అది ఉత్త సామెత కాదేమోనని అనుమానం వచ్చిన రోజు నుంచి దాన్ని వాడటం మానేసింది.

వాళ్ళ బిడ్డ హారతి పన్నెండో తరగతి. రెండు వేల ఇరవై ఒకటి జనవరిలో బడులు సగం తెరిచి సగం మూసి ఉన్న రోజుల్లో, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఛాయాదేవి గారు తెలుగు పిల్లల్ని ఆదివారాలు అక్కడి తెలుగు సంఘం హాలుకు రమ్మంది. విజయవాడ వైపు మనిషి, కుక్కపిల్లను కూడా అండీ అని పిలిచే రకం. ఆసుపత్రిలో ఏమేం ఉద్యోగాలుంటాయో చెప్పమని మొదటి రోజు అడిగితే, పద్నాలుగు మంది పిల్లలూ కలిసి రెండే చెప్పారు, డాక్టరూ నర్సూ. బ్యాంకు ఆఫీసరుగారి అబ్బాయి ఉదయ్‌కిరణ్ కాసేపు ఆలోచించి వాచ్‌మన్‌ను చేర్చాడు. ఆమె నుదురు కొట్టుకుని, ఎనిమిది ఆదివారాల్లో ఆ పట్టికను పొడిగించే పని పెట్టుకుంది. రక్తం పరీక్షించేవాళ్ళు, ఎక్స్‌రే తీసేవాళ్ళు, విరిగిన కాలును మళ్ళీ నడిపించేవాళ్ళు, కళ్ళు చూసేవాళ్ళు, చెవులు చూసేవాళ్ళు. దానితోపాటు చేతులెలా కడగాలి, నాడి ఎలా లెక్కపెట్టాలి, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు ఆడాలి.

ఒక్కొక్కరూ ఇంట్లో ఒకరిని పేషంటుగా పెట్టుకుని నోట్‌బుక్కులో రాయాలని ఆమె నియమం. పేజీలకు తనే నంబర్లు వేసి సంతకం చేసి ఇచ్చింది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయాలి తప్ప, పేజీ చింపకూడదు. చివరి ఆదివారం తల్లిదండ్రుల ముందు ఆ నోట్‌బుక్కులోంచి చదివి వినిపించాలి. ఆ రోజే పెద్దవాళ్ళు ఫారం మీద సంతకం పెడితే, పరీక్షలు కాగానే కోర్సులకు దరఖాస్తులు పెట్టించే బాధ్యత ఆమెది.

తల్లికి కూర్చునే తీరిక లేదు కనుక హారతి తండ్రిని పట్టుకుంది. పేషంటుగా ఉండటం నరహరికి మహా నచ్చింది. మంచం మీద రాజులా కూర్చుంటే బిడ్డ మణికట్టు పట్టుకుంటుంది, పక్కన చాయ్ ఉంటుంది. నాడి డెబ్బై రెండు అని రాస్తే, పరీక్షలో తనకు డెబ్బై రెండు మార్కులు వచ్చినట్టు షెడ్డులో చెప్పుకున్నాడు. అంతమాత్రాన ఫారం మీద సంతకం పెట్టే ఉద్దేశం మాత్రం ఆయనకు లేదు. బావమరిది గోపాల్ చీరల మార్కెట్లో కంప్యూటర్ పని ఒకటి చూసి పెట్టాడు. మంది దవాఖాన పేరు చెబితే ఉరుకుతున్న రోజుల్లో, కన్నబిడ్డను దవాఖానలోకి తోలడానికి తాను పిచ్చివాడా?

పదో పేజీ దాకా బాగానే సాగింది. పదకొండో పేజీలో చెవుల పరీక్ష వచ్చింది. పేషంటు వెనక చేయి చాపినంత దూరంలో నిలబడి, గుసగుసగా మూడు మాటలు చెప్పాలి, అతను వాటిని తిరిగి చెప్పాలి. హారతి వెనక నిలబడి గొడుగు, తాళం, డెబ్బై అంది. నరహరి ప్రశాంతంగా చాయ్ తాగాడు. ఇంకోసారి అంది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూశాడు. గుసగుస మానేసి మామూలుగా అన్నా క్యాలెండరే చూశాడు. ఆట పట్టిస్తున్నాడనుకుని హారతి ఎదుటికి వచ్చి, గొంతు అసలు పెగల్చకుండా ఉత్త పెదవులతో అంది. "గొడుగు, తాళం, డెబ్బై" అని నరహరి టక్కున అప్పజెప్పి, ఇంత అల్కటి పరీక్ష పెడితే ఎట్ల అని నవ్వాడు.

హారతి నవ్వలేదు. పెన్ను తీసి నోట్‌బుక్కులో రాసింది. ఏం రాశావని ఆయన అడిగితే ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పింది. సాంచల చప్పుడుకు చెవి లోపలి నరాలు ఏళ్ల తరబడి దెబ్బ తింటాయని, పోయింది తిరిగి రాదు కానీ మిగిలింది కాపాడుకోవచ్చని, వినడానికి మిషన్లున్నాయని. లాక్‌డౌన్‌లో సాంచలన్నీ ఆగిపోయిన రెండు నెలలూ ఆయన చెవిలో ఒక సాంచ ఆగకుండా ఆడుతూనే ఉండేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. బిడ్డ చెబుతుంటే అదే గుర్తొచ్చి ఆయనకు గుండె జారింది. గుండె జారినప్పుడు మగవాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు, కోపం తెచ్చుకున్నాడు.

"గా పేజీ చింపెయ్యి."

"చింపద్దు బాపూ. నంబరేసి ఉన్నది."

అంతే, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెదవులతో వినేవాడికి ఒక సౌకర్యం ఉంది, వినదలచుకోకపోతే ముఖం తిప్పుకుంటే చాలు. ఆ వారమంతా హారతి మూడుసార్లు వచ్చి ఏదో చెప్పబోయింది. మూడుసార్లూ ఆయనకు గోడలో ఏదో కనిపించింది.

ఆయన భయం చిన్నది కాదు. ఆ హాలుకు వచ్చేవాళ్ళలో సగం మంది జోల్వా వాళ్ళే. బిడ్డ లేచి ఆ పేజీ చదివిందంటే తెల్లారేసరికి తన పేరు చెవిటి నరహరి. సాంచలో తేడా వస్తే దాని చప్పుడు బట్టే పట్టుకుంటాడని షెడ్డు మాలిక్ దగ్గర పేరు ఉంది. నిజానికి ఆయన పట్టుకునేది చెవితో కాదు, సాంచ మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి. ఈ సంగతి బయటపడితే ఇరవై ఆరేళ్ల పరువు ఒక్క పూటలో పోతుంది. ముందు వరసలో కూర్చుని ఉరిమి చూస్తే బిడ్డ జంకుతుందన్న ఆశతో చివరి ఆదివారం ఆయన హాలుకు అందరికంటే ముందే వెళ్లాడు.

కుర్చీలు దూరం దూరంగా వేశారు. అందరి మూతులకూ గుడ్డలే. ఛాయాదేవి గారు తల్లిదండ్రులను ఉద్దేశించి అరగంట మాట్లాడింది. వాళ్ళు ఎంత శ్రద్ధగా తలలూపారంటే, ఎనిమిది ఆదివారాల కష్టం ఫలించిందని ఆమె కళ్ళు చెమర్చాయి. ఉదయ్‌కిరణ్ వాళ్ళ నాయనమ్మ మోకాళ్ల గురించి చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

హారతి లేచింది. నరహరి ఉరిమి చూశాడు. నోట్‌బుక్కు తెరిచి ఏదో చదివింది, రెండు పేజీలు తిప్పింది. తర్వాత నోట్‌బుక్కు మూసి ఛాతీకి ఆనించుకుని, మాస్కు వెనక నుంచి ఏదో అంది. ముందు వరసలు ఒక్కసారి నవ్వాయి, వాటిని చూసి వెనక వరసలూ నవ్వాయి. నవ్వి, తలలన్నీ నరహరి వైపు తిరిగాయి.

అయిపోయింది. చెప్పేసింది. ఆయన చెవులు వేడెక్కాయి. కన్నబిడ్డ, నాడి పట్టుకున్న బిడ్డ, నలుగురిలో తన బట్టలూడదీసింది. ఇక దాచేదేముంది? ఆయన లేచి నిలబడి, సాంచల మీదుగా కేకేసే గొంతుతో అన్నాడు.

"అవ్, నాకు ఇనవడదు. అయితే ఏంది? ఇరవై ఆరేండ్లు సాంచల నడుమ నిలవడ్డ. గీడ గూసున్నోళ్లల్ల మంచిగ ఇనవడేటోళ్లు ఎంతమంది ఉన్నరో చేతులు లేపున్రి."

ముందు వరసల వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసల్లో బక్కయ్యా, ఇంకో పదిమంది జోల్వా వాళ్ళూ మర్యాదగా తలలూపారు. ఆ ఊపు నరహరికి బాగా తెలిసిన ఊపే. ఛాయాదేవి గారు ఆ తలల వంక చూసింది, తన అరగంట ప్రసంగం గుర్తు చేసుకుంది, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

ఊర్మిళ వచ్చి భర్త భుజం తట్టి, ఎదుటికి వచ్చింది. బిడ్డ వైపు చూడమని చేయి చూపింది. హారతి అందరికీ దూరంగా, హాలు చివరి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడి ఉంది. మాస్కు కిందికి దించింది. గొంతు పెగల్చకుండా, షెడ్డు ఆ చివర నుంచి మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటే పెదవుల మీద పెట్టింది.

"నేనేం చెప్పలే బాపూ. నాడి చదివిన, జొరం చదివిన. పదకొండో పేజీ చదువ, పేషంట్ గుట్టు పేషంట్‌దే అన్న. గా పేషంటే ముంగట గూసోని నన్ను గుర్రుమని చూస్తుండన్న. గందుకే నవ్విన్రు."

పొల్లు పోకుండా ఆయనకు అందింది. ఆయనకే కాదు, వెనక వరసలకూ అందింది. ఆ హాల్లో సాంచల వాళ్ళందరూ ఆ మాటలు విన్నారు. బక్కయ్య తన మాస్కు కూడా ఇంత కిందికి లాగి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని పెదవులతోనే అన్నాడు. వెనక వరస విరగబడి నవ్వింది. ఈసారి ఎందుకు నవ్వారో నరహరికి తెలిసింది.

ఆయనకు సిగ్గేసింది. తన గుట్టు కాపాడింది బిడ్డ, చాటింపు వేసుకున్నది తను. వారం రోజులు గోడకు ఇచ్చిన ముఖం ఆ పిల్లకు ఒక్కసారి ఇచ్చి ఉంటే సరిపోయేది. సిగ్గు వెనకే ఇంకొక ఆలోచన వచ్చింది. ఇలాంటి బిడ్డ చేతిలోనే కదా ఎవరైనా తమ నాడి పెట్టాలి. చీరల మార్కెట్లో కంప్యూటర్ ముందు ఇంకెవరైనా కూర్చోవచ్చు.

చెవులు భేషుగ్గా పనిచేసేది ఛాయాదేవి గారికీ, బ్యాంకు ఆఫీసరు గారికీ, ముందు వరసల వాళ్ళకీ. ఏమీ అర్థం కాక బిక్కమొహం వేసింది కూడా వాళ్ళే. "ఏమన్నదండీ అమ్మాయి? నాకు వినబడలేదు" అని ఆమె అందరినీ అడిగింది. ఎవరూ చెప్పలేదు. పేషంటు గుట్టు మరి.

నరహరి బల్ల దగ్గరకు నడిచి ఫారం చేతిలోకి తీసుకున్నాడు. సంగతి తెలిసింది కదా, ఛాయాదేవి గారు ఆయన చెవి దగ్గరికంటా వంగి, సంతకం ఎక్కడ పెట్టాలో వీధి చివరి దాకా వినిపించేలా అరిచింది.

"ఒర్రకున్రి మేడం" అన్నాడాయన పెన్ను తీసుకుంటూ. "ఏడ వెట్టాలెనో ఏలు వెట్టి సూపియ్యిన్రి."