ఎడమ సగం

నా చెయ్యి వణుకుతోందట! పద్నాలుగేళ్లుగా రంపం మిషను మీద రాళ్లు కోస్తున్న చెయ్యి! ఆ మాట అన్నది పరాయివాడైతే పోనీలే అనుకునేదాన్ని. నా సొంత చెల్లెలి మొగుడు అన్నాడు, నలుగురి ముందూ, నవ్వుతూ.

ముందు మా పని సంగతి చెప్పాలి. కొండ మీద డ్రిల్లింగు మిషను బోరు వేసి, లోపలి రాతిని పొడవాటి కడ్డీలుగా పైకి తీస్తుంది. ఆ నల్లరాతిలో అక్కడక్కడా పలుగురాయి తెల్లటి చారలుగా ఉంటుంది. బంగారం ఉంటే గింటే ఆ చారల్లోనే, కంటికి ఆననంత నలుసులుగా. జియాలజిస్టు కడ్డీని కడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, చార రెండువైపులకీ సమానంగా వచ్చేలా పొడవునా ఎర్ర పెన్సిలు గీత గీయాలి. ఆ గీత మీద నేను కోయాలి. కుడి సగం ల్యాబుకు పోయి పిండి అవుతుంది, అందులో బంగారమెంతో అక్కడ తేలుస్తారు. ఎడమ సగం రేపెవరైనా అడిగితే చూపించడానికి పెట్టెలో ఉంటుంది.

మా జియాలజిస్టే ఆ మరిదిగారు. ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని అతనికి చెప్పిందీ నేనే, నా నోరు పడిపోను. ఐదో బోరు నుంచి అతని గీతలు మారాయి. తెల్ల చారంతా కుడి సగంలోకే వచ్చేలా గీస్తున్నాడు.

"ఇదేంటి మరిదీ, ఎడమవైపు ఉత్త నల్లరాయే మిగులుతోందే?" అని అడిగాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా? గీత చూసి కొయ్యి, చాలు" అన్నాడు.

కోశాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. టన్ను రాతికి తొమ్మిది గ్రాముల బంగారమని ల్యాబు రాసి పంపింది. మేనేజరు ఎగిరి గంతేశాడు. మరిదికి చీఫ్ పోస్టు ఇస్తామన్నారు.

అంతలో, కొండ కొనాలనుకుంటున్న కంపెనీ తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడా జియాలజిస్టే. మోకాళ్లు పట్టుకుంటూనే షెడ్డంతా తిరిగి, ఐదో బోరు పెట్టెలన్నీ తెరిపించింది.

"ఎడమ సగాల్లో పలుగురాయి ఏదీ?" అని అడిగింది.

అప్పుడన్నాడు ఆ మాట. "మా వదిన చెయ్యి వణుకుతోంది మేడమ్. వయసు మీద పడింది కదా. నా గీత సరిగ్గానే ఉంటుంది, కోతే పక్కకు పోతోంది. సొంత మనిషని ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే! కోసేటప్పుడు గీతను బ్లేడే తినేస్తుంది. ఇక నేనేం పెట్టి రుజువు చేసుకోను?

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "రేపు పొద్దున నా ముందు కొయ్యండి" అంది.

ఆ సాయంత్రం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"ఒక్కసారి చెయ్యి వణికించక్కా. నీకేం, ఒంటిదానివి, ఎక్కడో ఒక పని దొరుకుతుంది. ఆయనకిది పోతే మళ్లీ ఎవరూ గడప తొక్కనివ్వరు. పిల్లల చదువులేం కావాలి?"

"చేతకానిదని నన్ను తరిమేస్తారే!"

"తరిమితే తరిమారు. అరిగిపోతావా?"

ఒళ్లు మండిపోయింది. అయినా చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన పిల్ల. "సరేలే, పో" అన్నాను.

పొద్దున నిజంగా వణికిద్దామనే వెళ్లాను. పెద్దావిడ అరలోంచి ఆరో బోరు పెట్టె దింపించింది. మరిది గీతలు గీసేశాడు గానీ, కొత్త బ్లేడు రాక నేనింకా కోయని కడ్డీలవి. రెండు వారాల దుమ్ము కింద చారలు కనిపించడం లేదు, ఎర్ర గీత మాత్రం కనిపిస్తోంది.

"అది వద్దు మేడమ్, వేరేది గీసిస్తాను" అన్నాడు మరిది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు!

"ఈ గీత మీరు గీసిందేగా? ఇదే కానివ్వండి."

నేను కళ్లద్దాలు పెట్టుకుంటుంటే మరిది నా చెవి దగ్గరకు వంగాడు. "వణికించడానికి చదువేం అక్కర్లేదులే వదినా" అని నవ్వాడు.

అంతే. నిజం గెలవాలనో, కంపెనీ బాగుపడాలనో నేను ఆ పని చేయలేదు. కడుపుమంటతో చేశాను. నీళ్లు వదిలి, కడ్డీని బ్లేడుకు అందించాను. వెంట్రుకవాసైనా పక్కకు పోలేదు. చివర వేలెడు మిగిల్చి మిషను ఆపాను. కోత తిన్నగా వచ్చి మిగిలిన ఎర్ర గీతను కలిసింది. సుత్తితో తట్టి విడగొట్టి, రెండు ముక్కలూ కడిగి బల్ల మీద పెట్టాను. కుడిది తెల్లగా మెరిసిపోతోంది. ఎడమది ఉత్త నల్లరాయి.

"చెయ్యి బాగానే ఉంది" అంది పెద్దావిడ. తర్వాత ఎడమ ముక్క తీసి మరిది ముందు పెట్టింది.

అతన్ని ఆ రోజే పంపేశారు. నెల తిరగకుండా కొండ మీద పనీ ఆపేశారు, నాకూ సెలవు చెప్పారు. దొంగ లెక్కల కొండ ఎవరికి కావాలి?

చెల్లెలు మళ్లీ ఒకసారి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నా కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది.

"నా కాపురం కూలిపోతుంటే కూడా వణకలేదు కదక్కా ఇది" అంది.

"నా పొట్ట కొట్టుకోమని అడిగినప్పుడు నీ నోరు వణికిందా ఏంటే?" అన్నాను.

చెయ్యి వదిలేసింది. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. నేను పిలవలేదు.