రెండు చెంచాల చీటీ

శుక్రవారం చెంచులక్ష్మి చెయ్యాల్సిన పనులు ఇవి. ఖర్జూరాలకు గింజలు తీసి పళ్లెంలో పేర్చాలి. గహ్వా, అదే అరబ్బు కాఫీ, కాచి ఫ్లాస్కులో పొయ్యాలి. మామా కాళ్లకు నూనె రాయాలి. మగవాళ్లు నమాజు నుంచి వచ్చేలోపు అన్నం దించాలి. ఎవరికీ చెప్పని పని ఇంకొకటి ఉంది. నర్సు షాలిని సెలవులో ఉన్న ఈ ఒక్క పూటలో మామా మనసును మళ్లీ తనవైపు తిప్పుకోవాలి.

మామా అంటే ఆ ఇంటి పెద్దావిడ. రియాద్‌లో పనివాళ్లు అలాగే పిలుస్తారు. రాయచోటి నుంచి వచ్చిన చెంచులక్ష్మి అక్కడి మలాజ్ పేటలోని ఆ ఇంట్లో పదకొండేళ్లుగా చేస్తోంది. ఆవిడకు తలదువ్వడం, తినిపించడం, నిద్రపుచ్చడం అన్నీ తనే. వారం వారం రవ్వకేసరి చేసి పెట్టేది. ఆ కేసరితోనే మామా షుగరు ఆకాశాన్నంటింది. కోడలు మేడమ్ కేసరి మాన్పించి, కంపెనీ ద్వారా నర్సును పెట్టింది. అలా వచ్చింది భీమవరం పిల్ల షాలిని.

వచ్చిన మూడు నెలలకే మామా కళ్లు తెరవగానే "షాలినీ" అనడం మొదలైంది. ఎందుకంటే, చప్పటి టీ తాగలేక ముసలావిడ ఏడుస్తుంటే, షాలిని తెల్లటి తీపి పొడి డబ్బా తెచ్చి కలిపి ఇచ్చింది. మామా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది. చెంచులక్ష్మి తలుపు పక్కన నిలబడి చూసింది. పదకొండేళ్లలో తన చేతికి ఒక్క ముద్దూ దక్కలేదు.

"అక్కా, దీన్ని జైలిటాల్ అంటారు. షుగర్ ఆల్కహాల్ అని పేరుందిగానీ మత్తేమీ ఉండదు" అని షాలిని ఓపిగ్గా చెప్పింది. "షుగరు అంతగా పెరగదు. కానీ ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు. గుండెకి మంచిది కాదేమోనని కూడా ఈమధ్య డాక్టర్లు అనుమానపడుతున్నారు, ఇంకా తేలలేదు. రోజుకి రెండు చెంచాలే."

"ఇన్నేండ్లుగా వంట చేస్తాండా. చెంచాలు లెక్కబెట్టేది నువ్వు నేర్పిస్తావా అమ్మీ?"

షాలిని నవ్వేసి, అదే మాట తెలుగులో చీటీ రాసి డబ్బా మీద అంటించింది. ఆమె అటు వెళ్లగానే చెంచులక్ష్మి చీటీ పీకి పర్సులో కుక్కింది.

ఆ శుక్రవారం కేసరి చేసింది. గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల చక్కెర ఆమె చేతికి అలవాటైన కొలత. చక్కెర బదులు ఆ పొడే రెండు గ్లాసులు పోసింది. డబ్బా ఖాళీ అయింది. నాలిక మీద వేస్తే పిప్పరమెంటులా చల్లగా తగిలింది గానీ తీపి తీపే.

మామా మొహం వెలిగిపోయింది. ఒక కప్పు తిని చాలంది. చాలంటే ఊరుకోవడం చెంచులక్ష్మి ఇంటావంటా లేదు. కొసరి పెట్టకపోతే ప్రేమ లేనట్టే. రెండో కప్పు పెట్టింది, మూడోది నోటికందించింది. "చెంచూ, చెంచూ" అని మామా బుగ్గ నిమిరింది.

మధ్యాహ్నానికి మామా కడుపు ఉబ్బింది. ఆ తర్వాత విరేచనాలు పట్టుకుని, బాత్రూముకీ మంచానికీ మధ్య నడవలేక పడిపోయింది. డాక్టరు వచ్చి, ఒంట్లో నీళ్లన్నీ పోయాయని సెలైన్ ఎక్కించాడు. సాయంత్రం షాలిని వచ్చేసరికి మేడమ్ వరండాలో ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరిచ్చారు?"

షాలిని ఒక్క చూపులో కేసరి గిన్నెను, చెంచులక్ష్మి మొహాన్ని చూసింది. "డబ్బా తెచ్చింది నేనే మేడమ్. ఎంత వెయ్యాలో చెంచులక్ష్మికి చెప్పలేదు. తప్పు నాది."

వంటింట్లో చెంచులక్ష్మి ఆమె చెయ్యి పట్టి లాగింది. "ఎందుకట్ట చెప్పినావ్?"

"నాకు ఇంకో ఇల్లు దొరుకుద్ది అక్కా. నీకైతే ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తారు."

ఆ మాటకు కృతజ్ఞత రావాలి. రాలేదు. మామాను తీసుకుంది, ముద్దు తీసుకుంది, ఇప్పుడు మంచితనం కూడా ఈమెకే. "నువ్వు గొప్పదానివయ్యేదానికి నా తప్పే దొరికిందా?" అని చెంచులక్ష్మి విసురుగా వెళ్లి, పర్సులోని చీటీ మేడమ్ ముందు పెట్టింది. తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, వచ్చిన అరబ్బీలో చదివి చెప్పింది. "రెండు చెంచాలు. ఈమె చెప్పింది, రాసింది. పీకేసింది నేను. పెట్టింది నేను."

మేడమ్ చీటీని తిరిగి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత షాలిని వైపు తిరిగింది. "మందుల విషయంలో అబద్ధం చెప్పే నర్సు నాకొద్దు."

లోపల మంచం మీంచి మామా నీరసంగా పిలిచింది. "చెంచూ ఉండాలి." మేడమ్ నిట్టూర్చింది. చెంచులక్ష్మి ఉండిపోయింది. కంపెనీ వ్యాను వచ్చింది.

సంచీతో మెట్లు దిగుతూ షాలిని అంది: "ఆవిడకి ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా పట్టు అక్కా. కొసరి పెట్టమాకు."

కోరుకున్నది దక్కింది. మామా ఇప్పుడు పొద్దున్నే "చెంచూ" అనే పిలుస్తుంది. టీ దగ్గర మాత్రం రెండు వేళ్లు చూపించి "షాలినీ" అంటుంది, అంత తీపి కావాలని. ఆ పేరు విన్నప్పుడల్లా చెంచులక్ష్మికి ఇప్పటికీ మండుతుంది. అయినా కొత్త డబ్బా మీద ఆ నలిగిన చీటీనే అంటించింది.

మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే, చెంచా ముంచే ముందు, భీమవరం నుంచి వెళ్లిన ఆ షాలినిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.