గుడ్డతో కుట్టిన గది

ఇంటి పక్క సందు వెడల్పు ఎనిమిది అడుగులు. అందులో ప్రహరీగోడ వైపు రెండడుగులు వాననీళ్ళు పోవడానికి వదిలెయ్యాలి, అది ఊళ్ళో అందరికీ ఉన్న రూలే. ఇహ మిగిలింది ఆరడుగులు. ఆ ఆరడుగుల జాగాలో ఒక గది లేపాలని టైలరు పట్టు పట్టి కూర్చున్నాడు.

ఎందుకంటే వాళ్ళక్క కోసం. అమ్మ పోయాక అతన్ని పెంచి మనిషిని చేసింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, నాలుగు కాళ్ళ ఇనప స్టాండు పట్టుకుని నడుస్తోంది. ఇంట్లో చూస్తే వంటిల్లు, ఒక పడకగది, రోడ్డు వైపు కుట్టుపని గది, మధ్యలో సన్నటి నడవ. అక్క మంచం ఆ నడవలో వేశారు. వంటింట్లోకి పోయేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు, అందరూ ఆ మంచాన్ని రాసుకుంటూ అడ్డంగా నడవాల్సిందే.

"ఒరేయ్, దారికి అడ్డంగా పడ్డ దుంగలా ఉన్నానురా నేను," అంది ఒకరోజు. "మీరు తిట్టరు. తిట్టినా బాగుండేది. అందరూ పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని పోతున్నారు చూడు, అది చూడలేను. ఈ నెలాఖరు దాకా చూస్తా. గది అవుతుందంటే ఉంటా. కాదంటే వచ్చే నెల చెల్లెలింటికి పోతా."

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తు. ఈ కాళ్ళతో ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగడమంటూ ఉండదు. ఆ సంగతి అక్కకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు. 

మేస్త్రిని పిలిచారు. ఆయన్ని ఊళ్ళో ఒంటికన్ను మేస్త్రి అంటారు. కళ్ళు రెండూ శుభ్రంగానే ఉన్నాయి, కాకపోతే ఏది చూసినా ఒక కన్ను మూసి గురిపెట్టి చూస్తాడు, టీ గ్లాసుని కూడా. సందులో నిలబడి ఒక కన్ను మూశాడు, వేళ్ళు లెక్కపెట్టాడు.

"పద్నాలుగడుగుల పొడుగు, పైన స్లాబు, కింద టైల్సు, రెండు కిటికీలు. మూడు లక్షల పదివేలవుద్ది."

టైలరు మనసులోనే లెక్క చూసుకున్నాడు. దగ్గరున్నది లక్షా డెబ్భై వేలు. అదైనా ఎన్నేళ్ళ చొక్కాలు, ఎన్ని వందల గుండీలు! అప్పు చెయ్యకూడదని ఇంటావిడ ముందే చెప్పేసింది. స్కూలు నోట్సొకటి తెచ్చి మొదటి పేజీ మీద లక్షా డెబ్భై అని పెద్దగా రాసి, దాని కింద గీత కొట్టింది. "ఏమండీ, ఈ గీత దాటితే నేను మనిషిని కాను," అంది.

మేస్త్రి కాయితం మీద గది బొమ్మ గీసి అక్క చేతికిచ్చాడు. ఆవిడ తిప్పి తిప్పి చూసింది. "ఈ గీతలు నాకేం తెలుస్తాయిరా? ఇందులో నా మంచం ఎక్కడ? నా స్టాండు ఎక్కడ తిరుగుతుంది?"

టైలరుకి అప్పుడు తట్టింది. ఖరీదైన బట్ట మీద కత్తెర పెట్టే ముందు అతను ఎప్పుడూ ఒక పని చేస్తాడు. చవక గుడ్డలో అదే కొలతకి ఒకటి కుట్టి, మనిషికి తొడిగి చూస్తాడు. చంక దగ్గర పట్టిందా, నడుం దగ్గర వదులైందా, అక్కడే తెలిసిపోతుంది. చొక్కాకి చేసినవాడు గదికి చెయ్యలేడా?

నాలుగు వెదురు గడలు పాతాడు. పాత దుప్పట్లు, కర్టెన్లు, మిగిలిపోయిన లైనింగు ముక్కలు అన్నీ కలిపి రెండు రోజులు మిషను తొక్కాడు. మూడోనాడు పొద్దున సందులో గది లేచింది! ఆరడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడుగు, కిటికీలు కూడా కత్తిరించాడు, అంచులకి పైపింగు వేసి మరీ. పైకప్పుకి పల్చటి తెల్లగుడ్డ.

"కిటికీకి పైపింగు ఎందుకండీ?" అంది ఇంటావిడ.

"పోగులు లేవకుండా."

"గోడకి పోగులు లేస్తాయా?"

"మనింట్లో లేస్తాయి," అన్నాడు.

ఆ గది సంగతి చెప్పాలి. మధ్యాహ్నం ఎండ దాని మీద పడితే లోపలంతా పాలు పోసినట్టు వెలుతురు. గోడ మీద ఎప్పటిదో పాత దుప్పటి పూలు, పక్కన నీలం కర్టెను, ఆ పక్కన ఎవరిదో పెళ్ళి కోటుకి మిగిలిన బంగారు రంగు లైనింగు. గాలొస్తే నాలుగు గోడలూ మెల్లగా లోపలికి వచ్చి, మళ్ళీ మెల్లగా బయటికి పోయేవి, నిద్రపోతున్న పసిబిడ్డ పొట్టలాగా. అక్క మంచం అందులో వేశారు. ఆవిడ పడుకుని గోడల వైపు చూస్తూ ఉండిపోయింది. నడవలో నెలల తరబడి పగటి నిద్ర ఎరగని మనిషి, ఆ మధ్యాహ్నం మూడు గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకుంది. ఇంటావిడ వంటింట్లో గిన్నె కూడా చప్పుడు కాకుండా దింపింది.

లేచాక అక్క అంది, "కలలో ఈ గది నన్ను ఎక్కించుకుని పోయిందిరా. వీధుల మీదుగా, ఇళ్ళ మీదుగా. మెట్లెక్కే పని లేదు. కింద ఎవరో పిలుస్తున్నారు, నేను చెయ్యూపాను."

"ఎక్కడ దించింది వదినా?" అడిగింది ఇంటావిడ.

"ఎక్కడ దించుతుంది? నువ్వు టీ పెడుతున్న వాసన రాగానే ఇక్కడే దిగిపోయా."

ఆనాటి నుంచి అందరూ దాన్ని 'గది' అనడం మొదలుపెట్టారు. "గదిలో కళ్ళజోడు మర్చిపోయా" అని, "గదిలోకి టీ తీసుకురా" అని. ఇటిక ఒక్కటి రాలేదు, సిమెంటు గింజ రాలేదు, గది మాత్రం ఇంట్లో మనిషైపోయింది.

కానీ నోట్సులో లెక్క కలలు కనదు కదా. సాయంత్రాలు మేస్త్రి వచ్చి గదిలో మంచం కోడు పక్కన కూర్చునేవాడు, ఇంటావిడ పెన్సిలు పట్టుకునేది.

"స్లాబు తీసేసి రేకులు వేస్తే?"

"రెండు ముప్పై."

"రేకులు కాలవా?"

"పైన తెల్ల సున్నం కొట్టి, కింద అట్టలాంటి సీలింగు వేస్తానమ్మా. ఆ రెండు ముప్పైలో అదీ ఉంది."

"పొడుగు పదకొండు అడుగులు చేస్తే?"

మేస్త్రి ఒక కన్ను మూసి సందు వైపు చూశాడు. "ఒకటీ తొంభై."

టైలరు లేచి, గది చివర కుట్టు విప్పి, మూడడుగులు లోపలికి మడిచి టాకాలు వేశాడు. బక్కచిక్కినవాడికి చొక్కా బిగించినట్టే. అక్క మంచం మీంచి చూస్తూ, "ఫరవాలేదురా, నేను పరిగెత్తే పని ఏమీ లేదుగా," అంది.

టైల్సు పోయి సిమెంటు గచ్చు వచ్చింది. రెండో కిటికీని మూసి కుట్టేశాడు. తలుపు కొత్తది కాకుండా, పెరట్లో పడి ఉన్న పాతదే చిత్రిక పట్టిద్దామన్నారు. అంతా కలిపితే ఒకటీ యాభై ఐదుకి దిగింది.

"దాని మీద ఇంకో పదిహేనువేలు పక్కన పెట్టుకోండి," అన్నాడు మేస్త్రి.

"అదెందుకు?"

"కనపడని ఖర్చుకి."

"కనపడే ఖర్చుకే కళ్ళు తిరుగుతున్నాయి, కనపడని దానికి కూడానా?" అంది ఇంటావిడ.

"అమ్మా, మట్టి తవ్వితే కింద ఏముందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఆ పదిహేనువేలు పెట్టుకున్న ఇల్లే పూర్తవుద్ది. పెట్టుకోని ఇంటికి సగం గోడల మీద గడ్డి మొలుస్తుంది."

ఒకటీ యాభై ఐదుకి పదిహేను కలిపితే ఒకటీ డెబ్భై. సరిగ్గా గీత దగ్గర ఆగింది. ఇంటావిడ పెన్సిలు కింద పెట్టి ఊపిరి వదిలింది. గుడ్డగోడలు కూడా అప్పుడే ఊపిరి వదిలినట్టు కదిలాయి. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున మేస్త్రి దారం, ముగ్గు, మేకులు పట్టుకుని వచ్చాడు. గుడ్డగది విప్పి మడతపెట్టారు. విప్పుతుంటే టైలరుకి కొంచెం దిగులేసింది, కానీ అసలుది వస్తోందిగా! మేస్త్రి ప్రహరీకి రెండడుగులు వదిలి ఒక దారం కట్టాడు. దానికి ఇవతల, ఇంటి వైపు, ఇంకో దారం కట్టాడు.

"ఆ రెండోదేంటి మేస్త్రీ?"

"గోడ. తొమ్మిది అంగుళాలు, పూతతో కలిపి పది."

టైలరు గబగబా దగ్గరికొచ్చాడు. టేపు తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. గోడ పోగా లోపల మిగిలింది ఐదడుగుల రెండంగుళాలు.

ముప్పై ఏళ్ళు గుడ్డతో బతికినవాడు. గుడ్డకి మందం ఎక్కడుంది? వాడి గది గోడ ఎంత పల్చన అంటే, అవతల నిలబడ్డ మనిషి నీడ ఇవతలికి కనపడేది. గోడ కూడా జాగా తింటుందన్న ఆలోచనే రాలేదు. మేస్త్రి మాత్రం ఆరడుగులంటే బయటి కొలతే అనుకున్నాడు. ఒకరు లోపలి నుంచి కొలిచారు, ఒకరు బయటి నుంచి. తప్పెవరిదని అడిగేదెవరు?

మూడడుగుల మంచం తెచ్చి దారాల మధ్య పెట్టారు. పక్కన రెండడుగుల రెండంగుళాలు మిగిలింది. అక్క స్టాండుతో మెల్లగా అడుగేసింది. మూడో అడుగుకి స్టాండు కాలు మంచం కోడుకి తగిలి ఇరుక్కుంది. వెనక్కి తిప్పుకుందామంటే దారం అడ్డం.

ఆవిడ నవ్వింది. "పోనీలేరా. మంచి కల కన్నాం. ఆ చెల్లెలికి ఫోను చెయ్యి."

టైలరు చెయ్యలేదు. ముగ్గు గీతల మధ్య అలాగే నిలబడ్డాడు. ఎండ మెల్లగా సందులోకి దిగుతోంది. పల్చటి గోడ కడదామంటే రేకుల బరువు మొయ్యదన్నాడు మేస్త్రి. ప్రహరీ వైపు జరుపుదామంటే రూలు ఒప్పుకోదు. ఐదడుగుల రెండంగుళాలు. మంచం మనిషికి చాలదు. మరి ఎవరికి చాలుతుంది?

ఊరందరి కొలతలూ తీసినవాడు, తన కొలత ఎప్పుడూ తీసుకోలేదు. లోపలికెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. మోకాలి దగ్గర నుంచి వీపు దాకా టేపు పెట్టి కొలుచుకున్నాడు. స్టూలు వెనక్కి జరిపి లేస్తే ఎంత పడుతుందో కొలిచాడు. మిషను గోడకి ఆనించి, తను దాని ముందు కూర్చుంటే, మొత్తం మూడడుగుల తొమ్మిదంగుళాలు. కత్తిరించే బల్ల పొడుగ్గా ఆ చివర. ఇస్త్రీపెట్టె ఈ మూల.

బయటికొచ్చాడు. "అక్కా, గది నాకు. ముందు గది నీకు."

"ఏంట్రా వాగుతున్నావ్?"

"మిషను సందులోకి పోతుంది. సన్నగా పొడుగ్గా ఉంటేనే దానికి సుఖం. ముందు గది పది బై పది, స్టాండు గిరగిరా తిప్పుకో."

"నీ దుకాణం నేను ఆక్రమించుకోనా? ముప్పై ఏళ్ళ నుంచి రోడ్డు చూస్తూ కుట్టినవాడివి!"

"రోడ్డు చూస్తూ కుట్టబట్టే సగం చొక్కాలకి కాలరు వంకర పోయింది," అంది ఇంటావిడ.

మేస్త్రి పెదవి బిగించుకున్నాడు గానీ భుజాలు ఊగాయి. అక్క నవ్వలేదు. "ఒరేయ్, నువ్వు వెనకాల సందులో కూర్చుంటే గిరాకీ ఎలా వస్తుంది? నా సుఖం కోసం నీ పొట్ట కొట్టుకుంటావా? నేను ఒప్పుకోను."

ఎవరెన్ని చెప్పినా ఒప్పుకోలేదు. మూతి ముడుచుకుని కూర్చుంది. టైలరు వాదించలేదు. మేస్త్రిని పునాది తవ్వమన్నాడు, మంచాన్ని మోసుకెళ్ళి ముందు గది కిటికీ పక్కన వేశాడు. "సందు తవ్వుతుంటే నడవంతా దుమ్ము. నాలుగు రోజులు ఇక్కడుండు. తర్వాత నీ ఇష్టం," అన్నాడు.

మిషను పెరటి వసారాలోకి పోయింది. పునాదిలో ఒక పాత మురుగుతూము బయటపడింది, పదిహేనువేలల్లో ఏడు అక్కడే ఖర్చు. ఇంటావిడ నోట్సులో రాసుకుంది, ఈసారి తిట్టలేదు.

ఐదో రోజు పొద్దున అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. వీధి మీద ఎండ పల్చగా, ఇంకా వేడెక్కని ఎండ. ఎవరెవరో పోతున్నారు, ఆవిడ వాళ్ళ నడకలు చూస్తోంది, తను నడుస్తున్నట్టే. ఒకాయన కిటికీ దగ్గర ఆగి, చేతిలో గుడ్డ మూటతో లోపలికి తొంగి చూశాడు.

"టైలరు లేడా అమ్మా? దుకాణం ఎత్తేశారా?"

అక్క వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. వసారాలోంచి మిషను చప్పుడు, సందులోంచి తాపీ గీరిన చప్పుడు. ఆవిడ స్టాండు పక్కకి జరిపింది. తర్వాత కిటికీలోంచి చెయ్యి చాపింది.

"ఎందుకు ఎత్తేస్తాం? ఇటివ్వండి. ప్యాంటా, చొక్కానా?"

"చొక్కానే. పెద్ద తొందరేం లేదు, వచ్చే నెలకైనా ఫరవాలేదు. అప్పుడొస్తే మీ దగ్గరే తీసుకోవాలా?"

"నా దగ్గరే," అంది అక్క. గుడ్డ విప్పి వెలుతురుకి పట్టి చూసి, "ఒరేయ్ తమ్ముడూ, టేపు పట్టుకుని రా!" అని గట్టిగా కేకేసింది.