అరవై మూడో రిఫరెన్సు

సాయంత్రం ఐదింటిలోగా థీసిస్ ఆఫీసులో ఇవ్వకపోతే సృజనకు ఇంకో సెమిస్టర్ ఖాయం. సరిగ్గా అలాంటి రోజున, మధ్యాహ్నం రెండింటికి, సంగారెడ్డి దగ్గర కందిలో క్యాంపస్ గేటుకెదురుగా ప్రింటింగ్ షాపు నడిపే ఇక్రా తల గోక్కుంది.

"అక్కా, ఎనక లిస్టుల తెలుగెందుకొచ్చింది? ఇంగ్లీషు థీసిస్ గద?"

సృజన వంగి చూసింది. నూట నలభై రిఫరెన్సులు. వాటిలో సగానికి, పేజీ నంబర్లు కూడా అయిపోయాక, చివర్లో తెలుగు వాక్యాలు బుద్ధిగా కూర్చున్నాయి. 'మొదటి ఆరు పేజీలూ సొద. ఏడో పేజీ నుంచి చదువు.' 'ఈయన లెక్క తప్పు, నమ్మకు.' 'ఆకలేస్తోంది. క్యాంటీన్‌కి వెళ్తే నాకో సమోసా.'

రాసిందెవరో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. హరినాథ్. ఒకే గైడు దగ్గర ఆమెకు సీనియర్. పటాన్‌చెరు చుట్టుపక్కల బోరునీళ్ళ మీద ఇద్దరిదీ ఒకటే పని. పేపర్లన్నీ దాచిపెట్టి, అడిగిన పద్ధతిలో జాబితా కట్టిచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరిదీ ఉమ్మడి లైబ్రరీ. అతను పేపర్ చదివి దానికే నోట్ తగిలించేవాడు, ఆమె పేపర్ తెరిచినప్పుడు అదీ చదివేది. అన్నీ కాదు లెండి. చదవని పేపర్‌ని చదివినట్టు జాబితాలో ఎక్కించని రీసెర్చి స్కాలర్ ఈ దేశంలో ఎవరైనా ఉంటే పిలిచి శాలువా కప్పాలి.

రెండేళ్ళ కిందట అతను ల్యాబ్ మానేశాడు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో చేరాడని గైడు చెప్తే ఆమెకు తెలిసింది. తనకు ఒక్క మాట చెప్పలేదు. పోనీ దూరం పోయాడా అంటే అదీ లేదు. ఇల్లు సంగారెడ్డిలోనే, రోజూ కంది మీదుగానే కంపెనీ బస్సులో తిరుగుతాడు. చెప్పకుండా పోయినవాడి కోసం మనమెందుకు వెళ్ళాలని ఆమె పంతం. పంతం పంతమే, బస్సులు పోతుంటే ప్రతి కిటికీలోకీ చూడడం మాత్రం మానలేదు.

"నిన్న గైడ్ సార్ రిఫరెన్సుల స్టైల్ మార్చమన్నడు. మార్చిన. గంతే," అంది సృజన.

ఇక్రా సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. జాబితా మొత్తం చెరిపి మళ్ళీ తెప్పించింది. సమోసా మళ్ళీ వచ్చింది. స్టైల్ ఫైలు తెరిచి ఒక్కో లైనూ చూసుకుంటూ పోయి, చివరికి పట్టేసింది.

"పరేషాన్ గాకు అక్కా. నోట్‌ల ఏముంటే గది గుడ లిస్టుల ఎయ్యమని ఈ కొత్త స్టైల్ల ఉంది. గీ లైన్ తీసేస్తే అన్నీ పోతయ్. తియ్యాల్నా?"

"జెర ఆగు."

గడువు నెత్తిమీద ఉన్నా సృజన ఆ వాక్యాలు ఒక్కొక్కటే చదవసాగింది. అతను పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఎంత బెంగపెట్టుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. నవ్వుకుంటూ అరవై మూడో రిఫరెన్సు దగ్గరికి వచ్చింది. పాత పేపరు. తప్పక చదవమని హరినాథ్ వారం పాటు వెంటపడిన పేపరు. ఆమె ఇవాళ్టి వరకూ తెరవలేదు.

'సృజనా, నాన్నకి బాగాలేదు. వచ్చే నెల ల్యాబ్ మానేసి ఉద్యోగంలో చేరుతున్నా. నువ్వు రమ్మంటే ప్రతి ఆదివారం నీ కోసం వస్తా. ఎదురుగా అడిగే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా. ఇష్టం లేకపోతే ఏమీ అనకు. చదివానని మాత్రం చెప్పు, నాకు అర్థమైపోతుంది.'

అతను వెంటపడిన ఆ వారమే క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని అడిగాడు, "ఆ పేపర్ చదివావా?" అని.

లేదంటే తిడతాడని, "చదివిన," అంది.

"అంతేనా?"

"అంతే. మంచిగుంది."

టీ అలాగే వదిలేసి లేచిపోయాడు. టీ బాగాలేదేమో అనుకుంది.

"అక్కా, మూడున్నరైతుంది. తియ్యాల్నా?"

"తియ్యి," అంది సృజన.

జాబితా శుభ్రపడింది. హరినాథ్‌కి ఫోన్ చేసింది. ఫ్యాక్టరీలో షిఫ్టు అయ్యేదాకా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, మోగి మోగి ఆగిపోయింది. నాలుగూ నలభైకి థీసిస్ ఇచ్చేసి, షాపు ముందు బల్ల మీద కూర్చుని ఆ పేపర్ తెరిచింది. పద్నాలుగు పేజీలూ, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. తర్వాత అతని నోట్ కింద రాసింది.

'ఆనాడు అబద్ధం చెప్పిన. ఇయ్యాలనే చదివిన. ఆదివారం రా.'

ఆ లైబ్రరీలో సభ్యులు ఇప్పటికీ ఇద్దరే. అతను దాన్ని తెరిచి ఎన్నాళ్ళయిందో, ఇంకా ఒంటరిగానే ఉన్నాడో లేదో ఆమెకు తెలియదు.

ఆరింటికి పటాన్‌చెరు వైపు నుంచి కంపెనీ బస్సులు రావడం మొదలైంది. ఇన్నాళ్ళూ షాపు లోపలి నుంచి చూసేది. ఈసారి తను కూడా కనబడేలా రోడ్డు అంచుకు వచ్చి నిలబడింది.