పుచ్చుకున్నవారి సంతకం

బెత్తెడు ఇనుము, చివర రెండు పళ్ళు, తలలో ఒక రంధ్రం. నేను ఒక తాళంచెవిని. మీ ఇళ్ళలో ఉండేలాంటిదాన్ని కాదు. కొత్తరేవు పోలీసు స్టేషన్లో లాకప్ తలుపుకి వేసే పెద్ద ఇత్తడి తాళానిది నేను. ముప్పై ఏడేళ్ళు ఆ ఒక్క తాళాన్నే తీశాను, వేశాను. ఇంకో తాళంలో దూరి ఎరగను. భయమంటే ఏమిటో కూడా ఎరగను, ఆ ఒక్క రోజు దాకా.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు ముందున్న చెవిని ఎవరో సెంట్రీ నీళ్ళు తోడుతూ బావిలో జారవిడిచాడట. రెండు రోజులు వెతికించి, దొరక్క, కమ్మరి సూరయ్యను పిలిపించారు. అతను విరిగిన బండి ఇరుసు ముక్కను కొలిమిలో పెట్టి నన్ను సాగగొట్టాడు. ఆకురాయి పని పూర్తయ్యేదాకా అప్పటి ఎస్సై గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, సూరయ్య ఇంకో చెవి చేసి దాచుకుంటాడేమోనని. సూరయ్య నవ్వి, నాకు మీ గదితో పనేటుంటాది బాబూ అన్నాడు. నెల తిరక్కుండా కోడిపందెం దగ్గర పట్టుకుని అతన్నే తెచ్చి లోపల వేశారు. తలుపుకి ఏ పక్కన నిలబడతారో మనుషులకు ముందుగా తెలియదని అప్పుడే నాకు అర్థమైంది.

స్టేషన్లో నా విషయంలో ఒక పద్ధతి ఉండేది. ఈ కథంతా దాని మీదే నడిచింది కాబట్టి అది చెప్పాలి. సెంట్రీ మారేటప్పుడు, దిగేవాడూ ఎక్కేవాడూ లాకప్ ముందు నిలబడి లోపలి మనుషుల్ని లెక్కపెడతారు. తాళం లాగి చూస్తారు. తర్వాత సెంట్రీ పుస్తకంలో పైకి చదువుతూ రాస్తారు: తాళం ఒకటి, చెవి ఒకటి, మనుషులు ఇంతమంది. కింద రెండు సంతకాలు. అప్పగించినవారు, పుచ్చుకున్నవారు. రెండో సంతకం పడేదాకా మొదటివాడు కదలకూడదు. ఇంట్లో భార్య నొప్పులు పడుతున్నా కదలకూడదు. కాగితం మీద రోజుకి మూడు మార్పులు ఉండేవి. మనుషులు చాలక రెండే జరిగేవి, ఆరు నుంచి ఆరు దాకా.

ఎన్నో చేతులు చూశాను. చుట్ట వాసన వేసేవి, చెమట పట్టేవి, నన్ను పట్టుకుని వీపు గోక్కునేవి. వాటిలో లింగరాజు చెయ్యి వేరు. పొట్నూరు లింగరాజు, కానిస్టేబులు, పదిహేనేళ్ళ సర్వీసు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. నన్ను జేబురుమాలులో చుట్టి బెల్టుకి కట్టుకునేవాడు. లోపలున్నవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడానికి తలుపు తీసినా, ఎన్నింటికి తీశాడో ఎన్నింటికి వేశాడో పుస్తకంలో రాసేవాడు. మిగతావాళ్ళు ఎగతాళి చేసేవారు. అతను పట్టించుకునేవాడు కాదు.

అలాంటివాడే సమ్మె అన్నాడు. జీతాలు సవరించి ఏడేళ్ళయింది. వారానికి ఒక సెలవు ఇస్తామన్న ఉత్తర్వు గోడకి అంటించి ఉంది, సెలవు మాత్రం ఎవరికీ రాలేదు. జిల్లాలో ఉన్న కానిస్టేబుళ్ళందరి తరఫునా అర్జీ రాసింది లింగరాజే. మూడుసార్లు రాశాడు. జవాబు లేదు. పోలీసులు సంఘం పెట్టుకోకూడదు కాబట్టి, సంఘం పేరు లేకుండానే కబురు ఊరూరికీ పాకింది. సోమవారం ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కవలసినవాళ్ళు ఎక్కరు, అంతే. నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని బండి మీద పావుగంట దూరంలో ఉన్న జిల్లా కేంద్రంలో, పరేడ్ మైదానంలో కూర్చుంటారు.

ఆ మాట బయటికి పొక్కగానే ఊళ్ళో వాదన మొదలైంది. నేను వేలాడే మేకు కిటికీ పక్కనే ఉండేది. కిటికీ అవతల ఎర్రయ్యమ్మ టీ బడ్డీ. పోలీసు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళందరూ, పోలీసులు లేకపోతే ఎలాగని అక్కడ చేరి బెంగపడ్డారు. జీతం చాలకపోతే మానెయ్యాలి గానీ సమ్మె ఏమిటని ఒకరు. ఇన్నాళ్ళూ మా దగ్గర పుచ్చుకున్నవి చాలలేదా అని ఇంకొకరు. రిటైరైన జగ్గారావు మాస్టారు మాత్రం చాలా బాధతో మాట్లాడారు.

"డాక్టరు సమ్మె చేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం. పోలీసు సమ్మె అంటే ఇంటికున్న తలుపు సమ్మె చెయ్యడమే. ఎవడైనా లోపలికి వచ్చీసేడనుకో, ఎవళ్ళకి చెప్పుకోవాల?"

ఎర్రయ్యమ్మ గ్లాసులు కడుగుతూ, "తలుపుక్కూడా ఏడాదికోపాలి నూనె ఎడతారు మేస్టారూ," అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం మాస్టారి మాట మనసులో ఉండిపోయింది. తలుపుల సంగతి నాకు తెలుసు కదా.

ఆదివారం సాయంత్రం సంత మలుపులో గౌరీశు అనే అతని సరుకుల ఆటో ఒక ఏడేళ్ళ పాపను గుద్దింది. పాపను జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. గౌరీశు పారిపోకుండా అక్కడే నిలబడ్డాడు. జనం కొట్టడం మొదలుపెట్టేసరికి ఎస్సై గారు జీపులో వేసుకొచ్చి లాకప్పులో పెట్టారు. తాళం వేసింది ఆరింటికి డ్యూటీ ఎక్కిన లింగరాజు. ఆ తర్వాత ఎస్సై గారికి పైనుంచి పిలుపు వచ్చింది. సమ్మె అణచడానికి అధికారులందరూ జిల్లా కేంద్రంలో ఉండాలట. హోంగార్డుల్ని కూడా వెంట తీసుకుపోయారు. రైఫిళ్ళు ముందురోజే వెళ్ళిపోయాయి. పోలీసుల చేతిలో తుపాకులుంటే భద్రం కాదని పోలీసు పెద్దలే అనుకున్నారు.

సోమవారం ఆరయింది. రిలీఫ్ రాలేదు.

అన్నీ ఆలోచించి పెట్టుకున్నవాళ్ళు ఒక్క సంగతి మరిచిపోయారు. ఎక్కేవాడు ఎక్కకపోతే దిగేవాడు ఎలా దిగుతాడు? అర్జీ రాసిన లింగరాజు కూడా మరిచిపోయాడు. సంతకం పెట్టేవాడు లేక, నన్ను బెల్టుకి కట్టుకుని, స్టేషన్ మొత్తానికి ఒక్కడే మిగిలాడు. జేబులో నల్ల బ్యాడ్జీ అలాగే ఉంది. మైదానం నుంచి హెడ్ కానిస్టేబులు జోగినాయుడు ఫోన్ చేసి, చెవి మేకుకి తగిలించి వచ్చేయమన్నాడు. నువ్వు డ్యూటీలో ఉన్నావని తెలిస్తే అధికారులు నీ ఫొటో పేపర్లో వేయించి మమ్మల్ని తిడతారు, సమ్మె పెట్టినవాడే సమ్మె విరగ్గొట్టాడంటారు, అని కోప్పడ్డాడు.

లింగరాజు నన్ను బెల్టు నుంచి విప్పాడు. మేకు దగ్గరికి వచ్చాడు.

అప్పుడు లోపలినుంచి గౌరీశు అడిగాడు. "బాబూ, పాపకెలాగుంది?"

రాత్రి నుంచి అతను అడిగింది ఆ ఒక్కటే. లింగరాజు నన్ను తగిలించలేదు. చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూశాడు. అతనితోపాటు నేనూ చూశాను. టీ బడ్డీ మూసేసి ఉంది. సంత దారినుంచి మనుషులు వస్తున్నారు. మొదట పదిమంది. పది దాటాక వాళ్ళ నడక మారింది. పాపకి ఆపరేషన్ జరుగుతోందని, బతకడం కష్టమని ఎవరో అన్నారట. స్టేషన్లో ఎవరూ లేరని కూడా అన్నారట.

నాకు భయం తెలిసింది ఆ క్షణంలోనే. ముప్పై ఏడేళ్ళూ నేను లోపలివాళ్ళు బయటికి పోకుండా కాపలా అనుకున్నాను. బయటివాళ్ళు లోపలికి వచ్చేదీ నాతోనేనని ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నది గౌరీశును కాదు, ముందు నన్ను. నేను దొరికితే చాలు, మిగతాది నిమిషం పని. ఇనుముకి చెమట పట్టదు. లింగరాజు చేతి చెమటే నా ఒళ్ళంతా పాకింది.

అతను ఫోన్ తీసి జోగినాయుడికి చేశాడు. ఫోన్ కిటికీ కేసి పట్టుకున్నాడు. బయటి అరుపులు కాసేపు విననిచ్చి పెట్టేశాడు. తర్వాత సెంట్రీ పుస్తకం తీసుకుని లాకప్ దగ్గరికి నడిచాడు. పైకి చదువుతూ రాశాడు, ఎప్పటిలాగే. తాళం ఒకటి. చెవి ఒకటి. మనిషి ఒకడు. టైము తొమ్మిది నలభై.

"సంతకం వొచ్చా?" అని అడిగాడు.

"వొచ్చు బాబూ. ఆటో లోనుకి పెట్టేను."

లింగరాజు పుస్తకాన్ని ఊచల్లోంచి లోపలికి ఇచ్చి, పుచ్చుకున్నవారు అని ఉన్న చోటు వేలితో చూపించాడు. గౌరీశు వంకరటింకరగా సంతకం పెట్టాడు. దేనికో అడగలేదు. లింగరాజు నన్ను అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"నాను పిలిచీదాకా తియ్యకు. మూలకెళ్ళి కూకో."

బయటికి వెళుతూ జేబులోంచి నల్ల బ్యాడ్జీ తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు. చీకటిగా ఉన్న ఆ మూలనుంచి ఇక నాకు అతను కనిపించలేదు. మాటలు మాత్రం వినిపించాయి. ముందు వచ్చింది పాప చిన్నాన్న అసిరయ్య. చెడ్డవాడు కాదు. పోయినేడు సైకిలు పోయిందని వచ్చి, అది దొరికాక స్టేషన్లో అందరికీ అరటిపళ్ళు పంచినవాడు.

"చెవిచ్చీ లింగరాజూ. నీ మీద మాకేటీ కోపం నేదు."

"నా దగ్గిర నేదన్నా. నాను అప్పగించీసి డ్యూటీ దిగిపోనాను. సమ్మెలో ఉన్నాను."

"సమ్మెలో ఉన్నోడివి గుమ్మానికి అడ్డంగా ఎందుకు నిలబడ్డావు?"

"ఎక్కడ నిలబడాలో చెప్పడానికి మాకు సంఘం నేదు కదా."

ఎవరో కొట్టిన చప్పుడైంది. జేబులు చిరిగిన చప్పుడు, బల్ల సొరుగులు నేల మీద పడిన చప్పుడు. మేకుకి నేను లేనని ఎవరో అరిచారు. ఇంకెవరో గునపం తెమ్మన్నారు. గౌరీశు గుప్పిటలో నేను నలిగిపోయాను. ఆ చెయ్యి తనకి నాతో ఏ పని పడకూడదని కోరుకుంది. అలాంటి చెయ్యిని నేను అంతకు ముందు చూడలేదు.

గునపం మొదటి దెబ్బకి నా తాళం మోగింది. ముప్పై ఏడేళ్ళు కలిసి ఉన్నాం, ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. రెండో దెబ్బ. తాళం కొక్కెం వంగింది. లింగరాజు వచ్చి లాకప్ తలుపుకి వీపు ఆనించాడు, మూలలో ఉన్న నాకు మళ్ళీ కనిపించాడు. చొక్కా చిరిగి ఉంది, బ్యాడ్జీ మాత్రం పిన్నుకి వేలాడుతోంది. అసిరయ్య అతన్ని పక్కకి లాగాడు. అప్పుడు గుమ్మం దగ్గర మోటారు సైకిళ్ళు ఆగిన చప్పుడైంది.

పదకొండు మంది. లుంగీల్లో ఇద్దరు, తెల్లచొక్కాల్లో మిగతావాళ్ళు. ఒక్కరికీ యూనిఫారం లేదు, లాఠీ లేదు. అందరి గుండెల మీదా నల్ల బ్యాడ్జీలు. జోగినాయుడు ముందు నడిచాడు. ఎవరినీ తోయలేదు, ఎవరినీ తిట్టలేదు. జనంలోంచి దారి చేసుకుని వచ్చి, లాకప్ ఊచలకి వీపులు ఆనించి, ఒకరి పక్కన ఒకరు నేల మీద కూర్చున్నారు.

"మేం డ్యూటీకి రానేదు అసిరయ్యా," అన్నాడు జోగినాయుడు. "సమ్మె సేస్తన్నాం. కూకోడానికి ఇక్కడ నీడుంది."

అసిరయ్య గునపం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. లింగరాజుతో కలిపి పన్నెండు మందినీ తొక్కుకుంటూ పోతే తప్ప లోపలికి దారి లేదు. అందరూ ముఖాలు తెలిసినవాళ్ళు. ఆ తర్వాత జరిగింది నిజానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ ఎక్కింది. సగంమంది భోజనాలకి వెళ్ళారు, తిరిగి రాలేదు. మనుషుల కోపం ఆకలికి ఓడిపోవడం నేను లాకప్పులో ఎన్నోసార్లు చూశాను, బయట కూడా అంతేనని ఆ రోజు తెలిసింది. సాయంత్రం నాలుగింటికి ఎర్రయ్యమ్మ బడ్డీ తెరిచి, పాప కళ్ళు తెరిచిందని, కాలు మాత్రం బాగవడానికి చాలాకాలం పడుతుందని చెప్పింది. గౌరీశు మూలలో కూర్చుని ఏడ్చాడు. అసిరయ్య బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. గునపం గోడకి చేరేసి ఉంది.

గౌరీశును కోర్టుకి తీసుకుపోవలసి వచ్చినప్పుడు నేను తిరగలేదు. తాళం లోపల అంతా వంగిపోయింది. రంపంతో కోసి తీశారు. నా ఉద్యోగం అంతటితో సరి.

సమ్మె అయిదో రోజున ముగిసింది. ఒక కమిటీ వేశారు. కమిటీ ఇంకా ఆలోచిస్తోందట. సమ్మె చేసి ఊరిని గాలికి వదిలేశారని కొందరు, సమ్మెలో ఉండి కూడా వచ్చి నిలబడ్డారని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారని విన్నాను. జగ్గారావు మాస్టారు మాత్రం తలుపు మాట మళ్ళీ ఎత్తలేదు.

లింగరాజును సస్పెండ్ చేశారు. సమ్మె చేసినందుకు కాదు. లాకప్ తాళంచెవి ముద్దాయికి అప్పగించినందుకు. సాక్ష్యం వెతకవలసిన పని లేకపోయింది, తొమ్మిది నలభైకి తన చేత్తోనే రాసి పెట్టాడు. కింద గౌరీశు సంతకం కూడా ఉంది.

ఇప్పుడు నేను లక్క సీలు వేసిన గుడ్డసంచిలో, రికార్డు గది బీరువాలో ఉన్నాను. ఆ బీరువా తలుపు కిర్రుమన్నప్పుడల్లా నాకు ఆ పాత భయం వస్తుంది. ఈసారి ఎవరి చెయ్యి?

విచారణ రోజున నన్ను బల్ల మీద పెట్టారు. విచారణాధికారి మంచివాడే. కళ్ళజోడు తీసి, "ఊళ్ళో ఇంతమంది ఉండగా ముద్దాయికి ఎందుకు ఇచ్చావయ్యా?" అని అడిగాడు.

లింగరాజు నన్ను ఒకసారి చూసి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"తలుపు తియ్యనివాడికి ఇవ్వాలి సార్. ఆ వేళ ఊరు మొత్తం మీద అలాంటివాడు నాకు అతనొక్కడే దొరికాడు."

పక్కన రాసుకుంటున్న గుమస్తా, ఇది కూడా రాయమంటారా అన్నట్టు తలెత్తి చూశాడు. వద్దని అధికారి చెయ్యి ఊపాడు.